పాదాల మొర: పుండు కాకముందే ఆలకిద్దాం



ఆషాఢమాసంలో లష్కర్ బోనాల నాడు సికింద్రాబాదు శ్రీ ఉజ్జయిని మహాంకాళి అమ్మవారి ఆలయం ముందు తెల్లవారకముందే బారులు తీరే తల్లులను మీరు చూసే ఉంటారు. తలమీద బోనం, చేతిలో వేపమండలు, కాళ్లకు చెప్పులుండవు. అమ్మ దర్శనమయ్యే వరకు గంటల తరబడి అలా నిలబడే ఉంటారు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అనే భక్తుడు 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో అమ్మవారికి మొక్కుకొని, తిరిగివచ్చి 1815లో ఇక్కడ ప్రతిష్ఠ చేశాడని స్థలచరిత్ర చెబుతుంది. డోలీ మోసేవాని జీవనం కాళ్లమీదనే కదా! ఆ తల్లిని మన ఊరికి తెచ్చినవి కష్టపడిన కాళ్లే.

ఆలయానికి దగ్గరలోనే మోండా మార్కెట్ ఉంది. అక్కడి కూరగాయల వర్తకులు, తమలపాకుల వారు, పూలమ్మే తల్లులు, బస్తాలు మోసే హమాలీలు అందరూ నిలబడి బ్రతుకు సాగించేవారే. నేను ఆ మార్కెట్‌లో పుట్టి పెరిగినవాడిని. ప్రభుత్వ వైద్యశాలలలో శస్త్రవైద్యుడిగా ముప్పైరెండేళ్లు సేవ చేసి విశ్రాంతి తీసుకున్నాను. ఇప్పుడు నెలకొకసారి ఆ పరిసరాలలో జరిగే ఉచిత వైద్య శిబిరంలో కూర్చుంటాను. అక్కడ నాకు పదేపదే కనబడే వ్యాధి ఒకటున్నది. కాలి పిక్కలమీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బిన సిరలు. వైద్యులు దీనిని వేరికోస్ వీన్స్ అంటారు. మన వాళ్లు 'నరాలు తేలాయి' అంటారు. ఏళ్లతరబడి దీనిని పట్టించుకోక, చివరకు మానని పుండుతో వచ్చేవారే ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

మా నాన్నగారి కథ

మా నాన్నగారికి మోండా మార్కెట్‌లో తమలపాకుల దుకాణం ఉండేది. దుకాణమంటే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆకుల బుట్టలు దిగేవి. అప్పటినుండి మధ్యాహ్నం రెండు గంటల వరకు ఆయన నిలబడే ఉండేవారు. కూర్చోవడానికి చోటు లేక కాదు, మనసొప్పక. "కొనేవారు నిలబడి ఉండగా మనం కూర్చుంటే దుకాణంలో లక్ష్మి నిలవదు" అనేవారు.

ఆయన ఎడమ పిక్కమీద సిరలు ఉబ్బి ఉండటం నేను ఊహ తెలిసినప్పటినుండి చూశాను. నొప్పి లేదు గనుక ఎవరూ దానిని జబ్బనుకోలేదు. తరువాత సాయంత్రాలు చీలమండ వాచేది. కొన్నాళ్లకు చీలమండ లోపలివైపు చర్మం నల్లబడింది, దురద పుట్టింది. ఒకనాడు బుట్ట అంచు గీరుకొని చిన్న గాయమైంది. ఆ గాయం తొమ్మిదేళ్లు మానలేదు. పసరు పోశారు, పసుపు పెట్టారు, మందుల దుకాణంవాడిచ్చిన పొడులు, లేపనాలు అన్నీ అయ్యాయి. ప్రతిరాత్రి మా అమ్మగారు మరిగించిన నీళ్లతో పుండు కడిగి, ఉతికి ఆరేసిన పాత చీరముక్కతో కట్టుకట్టేవారు. ఆ చీరముక్కల వాసన నా చదువుకునే రోజుల వాసన.

1974లో నేను వైద్యవిద్య రెండవ సంవత్సరం చదువుతున్నాను. సెలవు రోజున దుకాణంలో నాన్నగారికి సాయంగా ఉన్నాను. ఆయన ఆకుల బుట్టను కాలితో జరుపుతుండగా పుండు దగ్గర ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మింది. నేను వైద్య విద్యార్థిని, నాకంతా తెలుసుననుకున్నాను. ఆయనను స్టూలుమీద కూర్చోబెట్టి, భుజంమీది తువ్వాలు తీసి మోకాలిపైన గట్టిగా బిగించాను. రక్తం ఆగలేదు సరికదా, ఎక్కువైంది. నాన్నగారి ముఖం పాలిపోయింది. అప్పుడు పక్కనే బస్తాలు దించుతున్న ఒక వృద్ధ హమాలీ వచ్చి, "ఆ గుడ్డ ఇప్పు బాబూ, కడితే ఇంకా పొంగుతది. పండబెట్టి కాలు పైకి లేపు" అన్నాడు. గోనెలమీద నాన్నగారిని పడుకోబెట్టి, కాలును నిమ్మకాయల గంపమీదికి ఎత్తి, చిట్లిన చోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో అదిమి పట్టుకున్నాడు. పావుగంటలో రక్తం ఆగిపోయింది.

అక్షరం రాని ఆ పెద్దాయనకు తెలిసినది, నాలుగు పుస్తకాలు చదివిన నాకు ఎందుకు తెలియలేదు? ఆ ప్రశ్నే నన్ను శస్త్రవైద్యంవైపు నడిపించింది. జవాబు తెలియాలంటే కాలిలో రక్తం ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోవాలి.

అది నరం కాదు, సిర

వాడుకలో మనం రక్తనాళాన్నీ 'నరం' అనే అంటాం. ఈ ఒక్క మాట చాలామందిని పెడదారి పట్టిస్తున్నది. నరమంటే స్పర్శను, కదలికను మోసే తంతువు. కాలిమీద ఉబ్బి కనబడేది నరం కాదు, చెడురక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిర. 'నరాల బలహీనత' అనుకొని బలం మాత్రలు మింగితే దీనికి ఏమీ కాదు.

గుండె నుండి ధమనుల ద్వారా రక్తం కాలిలోకి సులువుగా దిగుతుంది. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరలలోని పీడనం పాదరస మట్టంలో సుమారు 80 నుండి 90 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ బరువునెత్తి పైకి పంపే పని పిక్క కండరాలది. మనం అడుగు వేసినప్పుడల్లా ఆ కండరాలు బిగిసి లోపలి సిరలను పిండుతాయి, రక్తం పైకి ఎగుస్తుంది. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. నడుస్తూ ఉంటే చీలమండ దగ్గరి పీడనం 30 మిల్లీమీటర్లకు, అంతకంటె తక్కువకు కూడా పడిపోతుంది. కదలక నిలబడితే మళ్లీ పెరుగుతుంది.

పైకి ఎక్కిన రక్తం మళ్లీ క్రిందికి జారకుండా సిరలలో కవాటాలు ఉంటాయి. ఆలయంలో క్యూలైన్లను తలచుకోండి. ఒక జట్టు భక్తులు ముందుకు సాగగానే సేవకులు వెనుక గేటు మూస్తారు. ఎవరూ వెనక్కు రాలేరు. ఆ గేటు విరిగిందనుకోండి, ముందున్నవారు వెనక్కు తోసుకువస్తారు. ఆ ఒత్తిడి క్రింది గదిలోనివారిమీద పడుతుంది, అక్కడి గేటూ విరుగుతుంది. సిరలలో జరిగేది ఇదే. ఒక కవాటం చెడితే రక్తం వెనక్కు జారి క్రింది సిరను ఉబ్బిస్తుంది, ఉబ్బిన సిరలో కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు, అదీ చెడుతుంది. అందుకే ఈ వ్యాధి దానంతట అది తగ్గదు, మెల్లగా పెరుగుతుంది.

ఇప్పుడు హమాలీ మాటలోని మర్మం తెలుస్తుంది. చిట్లినది సిర. కూర్చోబెట్టినప్పుడు దానిలో పీడనం ఎక్కువగానే ఉంటుంది. పైన తువ్వాలు బిగిస్తే తిరిగిపోయే దారి మూసుకొని రక్తం ఇంకా పొంగుతుంది. పడుకోబెట్టి కాలు గుండెకంటె ఎత్తున పెడితే పీడనం పడిపోతుంది, అరచేతి ఒత్తిడి చాలు.

పూర్వులు చూసినది

ఈ వ్యాధి కొత్తది కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానం దేహంలో 700 సిరలను లెక్కించింది. నిదానస్థానంలో సిరలవలన పుట్టే గ్రంథిని వర్ణిస్తూ, బలం చాలనివారు అతిగా శ్రమించడం దానికి కారణమని చెప్పింది. సిరలలోని కవాటాలను వివరిస్తూ ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే ఆచార్యుడు 1603లో గ్రంథం వెలువరించాడు. వాటిని ఆయన 'చిన్న తలుపులు' అన్నాడు. ఆయన శిష్యుడైన విలియం హార్వే ఆ తలుపులు గుండెవైపే తెరుచుకుంటాయని గ్రహించి, 1628లో రక్తప్రసరణ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మన కాలి సిరలలో చెడేది ఆ చిన్న తలుపే.

ఎవరికి వస్తుంది?

తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ, శరీరం బరువెక్కేకొద్దీ అవకాశం పెరుగుతుంది. గర్భిణులలో రక్తం పరిమాణం పెరగడం, హార్మోన్ల ప్రభావంతో సిరల గోడలు సడలడం, గర్భాశయం ఒత్తిడి కారణంగా సిరలు ఉబ్బుతాయి. కాన్పు తరువాత కొంత తగ్గుతాయి. గంటలకొద్దీ కదలక నిలబడే వృత్తులు దీనిని పెంచుతాయి. వంటవారు, ఉపాధ్యాయులు, ట్రాఫిక్ పోలీసులు, నర్సులు, దుకాణ సేవకులు, వస్త్రాలయాలలో అమ్మకాలు చేసే ఆడపిల్లలు ఈ కోవలోనివారు. మన నిత్యాన్నదాన వంటశాలలో గరిటె తిప్పే చేతులను అందరూ మెచ్చుకుంటారు. ఆ చేతులను మోసే కాళ్లను ఎవరూ చూడరు.

వ్యాధి ఎక్కే మెట్లు

వైద్యులు ఈ వ్యాధి తీవ్రతను అంకెలతో గుర్తిస్తారు. భక్తులకు సులభంగా తెలిసేటట్లు చెబుతాను.

మొదటి మెట్టు: చర్మంమీద సాలెగూడువలె సన్నని ఎర్రని, నీలిరంగు గీతలు. ఇవి చాలావరకు చూపుకు సంబంధించినవే. కేవలం వీటికోసం భయపడనక్కరలేదు.

రెండవ మెట్టు: త్రాళ్లవలె ఉబ్బిన సిరలు. సాయంత్రానికి బరువు, రాత్రి పిక్కలు పట్టేయడం ఉండవచ్చు, ఏ బాధా ఉండకపోవచ్చు.

మూడవ మెట్టు: చీలమండ వాపు. ఉదయం తగ్గి సాయంత్రం పెరుగుతుంది.

నాలుగవ మెట్టు: చీలమండపైన చర్మం నల్లబడటం, దురద, తామరవంటి పొక్కులు, చర్మం గట్టిపడటం. సిరలలో పీడనం తగ్గక రక్తకణాలు బయటికి స్రవించి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకొనడం ఈ నలుపుకు కారణం. దీనిని చర్మవ్యాధి అనుకొని లేపనాలతో కాలం గడిపేవారు ఎందరో!

ఐదవ మెట్టు: పుండు పడి మానిన మచ్చ. ఆరవ మెట్టు: మానని పుండు. ఇది ఎక్కువగా చీలమండ లోపలివైపు వస్తుంది.

మొదటి మూడు మెట్ల దాకా చర్మం క్షేమంగా ఉంటుంది. నాలుగవ మెట్టు చర్మం చెడటానికి ఆరంభం. అక్కడినుండి వెనక్కు రావడం కష్టం. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకోండి: నొప్పి లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు, చర్మం రంగు మారకముందే చూపించుకోవాలి.

పొంచి ఉన్న ప్రమాదాలు

మానని పుండు మొదటిది. దానివలన నడక, నిద్ర, సంపాదన, చివరకు నలుగురిలో కూర్చునే ధైర్యం కూడా పోతాయి. పూజకు పిలిచినా మా నాన్నగారు గడప దగ్గరే నిలిచిపోయేవారు, కట్టు వాసన ఎవరికైనా తగులుతుందేమోనని.

రక్తస్రావం రెండవది. పలుచబడిన చర్మం క్రింద ఉబ్బిన సిర చిన్న గీతకే చిట్లుతుంది. ఒంటరిగా ఉన్న వృద్ధులకు ఇది ప్రాణాంతకం కావచ్చు. చేయవలసినది ఇంతే: వెంటనే నేలమీద పడుకోబెట్టండి, కాలు ఎత్తండి, శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు వదలక అదమండి. మధ్యలో తీసి చూడవద్దు, పైన తాడు కట్టవద్దు. ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఆగినా ఆ వారంలోనే వైద్యుని చూడండి.

పైసిరలో రక్తం గడ్డకట్టడం మూడవది. సిర తాడువలె గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. దానిని నూనెతో మర్దన చేయకూడదు. గడ్డ తొడవైపు ప్రాకుతుంటే లోపలి సిరలోకి పోయే ప్రమాదం ఉంది, స్కాన్ అవసరం.

లోపలి సిరలో గడ్డ నాలుగవది, అతి ముఖ్యమైనది. తైవాన్‌లో ఉబ్బుసిరలున్న రెండు లక్షలకు పైగా జనాన్ని, అవి లేని అంతేమందిని పోల్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. లోపలి సిరలో గడ్డకట్టడం ఉబ్బుసిరలున్నవారిలో ఐదు రెట్లు ఎక్కువగా కనబడింది. దీనిని చదివి హడలిపోకండి. అలాంటివారిలో కూడా ఏడాదికి వెయ్యిమందిలో ఆరేడుగురికే అది వచ్చింది. ఒకదానితోపాటు మరొకటి కనబడినంత మాత్రాన ఇదే దానికి కారణమని తేలినట్లూ కాదు. అయినా జాగ్రత్త అవసరమని ఆ లెక్క చెబుతున్నది. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానితో ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనబడితే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించి క్షణమైనా ఆలస్యం చేయరాదు.

తొలిదశలో చికిత్స ఎందుకు మేలు?

పుండుకు కట్టు కడితే చాలదా, సిరకు చికిత్స ఎందుకని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు బ్రిటన్‌లో జరిగిన రెండు పరిశోధనలలో ఉంది. 2004లో వెలువడిన మొదటిదానిలో 500 మంది పుండ్ల రోగులను చూశారు. కొందరికి ఒత్తిడి కట్లు మాత్రమే కట్టారు, మిగిలినవారికి కట్లతోపాటు సిరకు శస్త్రచికిత్స కూడా చేశారు. పుండు మానే విషయంలో రెండు వర్గాలకూ తేడా రాలేదు. కాని మానిన తరువాత ఏడాదిలో మళ్లీ పుండు పడినవారు కట్లవర్గంలో నూటికి 28 మంది, శస్త్రచికిత్స వర్గంలో 12 మంది. 2018లో వెలువడిన రెండవదానిలో 450 మంది పాల్గొన్నారు. సిరను వెంటనే లోపలినుండి మూసివేసినవారికి పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, ముందు కట్లతో ఆగి తరువాత చేయించుకున్నవారికి 82 రోజులు.

పుండు పడిన తరువాత కూడా త్వరపడితే ఇంత మేలు కలిగితే, పుండు పడకముందే త్వరపడితే ఎంత మేలో మీరే ఊహించండి. క్రింద నీరు కారుతుంటే ఎన్నిసార్లు తుడిచినా ప్రయోజనం లేదు, పైన కుళాయి కట్టాలి. పుండు క్రింద కారే నీరు, చెడిన కవాటం పైనున్న కుళాయి.

నేటి చికిత్సలు

ముందు జరగవలసినది డాప్లర్ స్కాన్. సూది లేదు, కోత లేదు. నిలబెట్టి కాలిమీద చిన్న పరికరం ఆనించి ఏ కవాటం చెడినదో, లోపలి సిరలు బాగున్నవో లేవో చూస్తారు. ఈ పరీక్ష లేకుండా ఎవరైనా శస్త్రచికిత్సకు తొందరపెడితే మరొక వైద్యుని సలహా తీసుకోండి.

మా నాన్నగారి కాలంలో గజ్జల దగ్గర కోసి సిరను ముడివేసి, క్రింది వరకు లాగి తీసేవారు. నేడు చాలామందికి ఆ అవసరం లేదు. సన్నని గొట్టాన్ని సిరలోకి పంపి, లేజర్ వేడితోగాని రేడియో తరంగాల వేడితోగాని దానిని లోపలినుండి మూసివేస్తారు. కాలికి మాత్రమే మత్తిచ్చి చేయవచ్చు. అదే రోజు నడిచి ఇంటికి వెళ్లవచ్చు. కొందరికి నురుగు మందును సిరలోకి ఎక్కించి మూస్తారు. బ్రిటన్ ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు 2013లో వేడితో మూసే పద్ధతిని మొదట, అది తగనివారికి నురుగు మందును, తరువాత కోతను సూచించాయి. 'సిర మూసేస్తే రక్తం ఎటు పోతుంది?' అని భక్తులు భయపడతారు. కాలి రక్తంలో అధికభాగం లోపలి సిరలగుండానే వెళుతుంది. చెడిన పైసిర అప్పటికే దారి తప్పినది, దానిని మూసినా లోటు రాదు.

ఒత్తిడి మేజోళ్లు బాధను, వాపును తగ్గిస్తాయి. చెడిన కవాటాన్ని మాత్రం బాగుచేయలేవు. గర్భిణులకు సాధారణంగా కాన్పు వరకు మేజోళ్లే చికిత్స. ఒక ముఖ్యమైన హెచ్చరిక: మధుమేహులు, పొగత్రాగేవారు, నడిస్తే పిక్క నొప్పి పుట్టి ఆగితే తగ్గేవారు వైద్యుడు ధమనుల రక్తప్రసరణ పరీక్షించకుండా బిగుతు మేజోళ్లు వేసుకోరాదు. ధమని మూసుకున్న కాలికి ఒత్తిడి హాని చేస్తుంది.

ఖర్చుకు వెనుకాడే పేదవారు ప్రభుత్వ ఆసుపత్రి శస్త్రవైద్య విభాగానికి వెళ్లండి. ఆరోగ్యశ్రీ వర్తించేదీ లేనిదీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు.

యాత్రికులకు కొన్ని నియమాలు

క్యూలో నిలబడినప్పుడు రాయివలె నిలవకండి. నామస్మరణ చేస్తూనే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. ఒక్కొక్క నామానికి ఒక్కొక్కసారి చొప్పున చేస్తే నోటికి జపం, పిక్కకు వ్యాయామం. బస్సులోనో రైలులోనో దూరప్రయాణం చేసేటప్పుడు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. లేవలేకపోతే పాదాలను పైకి క్రిందికి ఆడించండి, నీళ్లు త్రాగండి.

కాలినడక ఈ వ్యాధికి శత్రువు కాదు, మిత్రుడు. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కే భక్తుని పిక్క ప్రతి మెట్టుకూ రక్తాన్ని పైకి పంపుతుంది. కదలక నిలబడటమే చేటు. అయితే పుండు ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరాలి. దీక్షలో చెప్పులు లేకుండా నడిచే స్వాములలో ఉబ్బుసిరలున్నవారు ప్రతిరాత్రి పాదాలు కడిగి, చీలమండల చుట్టూ గీతలు, పగుళ్లు చూసుకోవాలి. రాత్రి పడుకున్నప్పుడు పాదాల క్రింద దిండు పెట్టుకొని కాళ్లు గుండెకంటె కొంచెం ఎత్తున ఉంచుకోండి. శరీరపు బరువు తగ్గించుకోండి.

దాతలకు ఒక మనవి

2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ చట్టాలు సవరించాయి. కేరళలో ఆ మార్పు వెనుక కోళికోడ్ మిఠాయివీధి దుకాణాలలో రోజంతా నిలబడే ఆడవారి పోరాటం ఉంది. కూర్చునేందుకు ఒక బల్లకోసం ఏళ్లతరబడి పోరాడవలసి వచ్చిందంటే మనమంతా ఆలోచించాలి.

చట్టం రాకముందే ధర్మం చేయవచ్చు. మీ దుకాణంలో పనివారికి ఒక స్టూలు ఇవ్వండి, గిరాకీ లేనప్పుడు కూర్చోమనండి. ఆలయానికి విరాళమిచ్చేటప్పుడు క్యూలైన్ల వెంట బల్లలకు, వంటశాల సేవకుల విశ్రాంతి ఆసనాలకు, పేదరోగుల డాప్లర్ పరీక్షలకు కొంత కేటాయించమని కోరండి. పాదపూజ చేసే సంప్రదాయం మనది. పనిచేసే పాదాలకు విశ్రాంతి ఇవ్వడమూ పాదపూజే.

గత నెల శిబిరానికి ఒక సేవకుడు వచ్చాడు. ముప్పైఎనిమిదేళ్ల వాడు, పిక్కమీద సిరలు త్రాళ్లలా ఉన్నాయి. "నొప్పి లేదు కదా డాక్టరుగారూ, పిల్లల చదువులయ్యాక చూద్దాం" అన్నాడు. అతని చీలమండ దగ్గర చర్మం అప్పుడే గోధుమరంగుకు తిరుగుతున్నది. నేను మా నాన్నగారి కథ చెప్పాను. మరునాడే స్కాన్ చేయించుకున్నాడు. ఇప్పుడు చికిత్సకు రోజు నిర్ణయమైంది.

మా నాన్నగారికి ఆ రక్తస్రావం తరువాత శస్త్రచికిత్స జరిగింది. నాలుగు నెలలలో పుండు మానింది. కాని తొమ్మిదేళ్లలో గట్టిపడిన చర్మం మెత్తబడలేదు, చీలమండ వంగలేదు. అమ్మవారి ముందు సాష్టాంగపడాలని ఆయనకు ఎంతో ఆశ. చివరి వరకు నిలబడే నమస్కరించారు. "ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదిరా" అని ఒక్కసారే అన్నారు. ఆ మాట తరువాత దుకాణంలో ఒక స్టూలు వచ్చింది. ఆయన కూర్చున్నారు, గుమాస్తాను కూర్చోమన్నారు. లక్ష్మి ఎక్కడికీ పోలేదు.

ఆయనకు ముందే చెప్పడానికి ఎవరూ లేరు. మీకు నేను చెప్పాను. ఈ రాత్రి దీపం వెలుగులో మీ కాళ్లను, మీ తల్లిదండ్రుల కాళ్లను ఒక్కసారి చూడండి. ఉబ్బిన సిర కనబడితే సిరగా ఉన్నప్పుడే వైద్యునికి చూపించండి. మిమ్మల్ని స్వామి సన్నిధికి మోసుకువచ్చిన పాదాలు మరెన్నో యాత్రలు చేయించుగాక. స్వస్తి.